పైనున్న ఇనుముకు కూడా ఒక గంట కావాలి

గనుల భద్రత డైరెక్టర్ జనరల్ గారికి,
ధన్‌బాద్.



గోదావరి డెల్టాలో చమురు, గ్యాస్ బావులు తవ్వే రిగ్గుల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి. టాప్‌మ్యాన్‌గా చేరి, డ్రిల్లర్‌నై, చివరికి రిగ్గు పనంతా చూసే టూల్ పుషర్‌గా దిగిపోయాను. ఇప్పుడు అమలాపురంలో ఉంటున్నాను. 1952 నాటి గనుల చట్టం చమురు బావిని కూడా గనుల్లోనే లెక్కగట్టింది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత కోడ్ ఆ చట్టాన్ని తనలో కలుపుకుంది. చట్టం పేరు ఏదైనా, ఒడ్డు మీది రిగ్గు గేటు దాటి లోపలికొచ్చి, రిజిస్టర్లు తెరిపించి, అవసరమైతే పని ఆపించగలిగేది మీ శాఖే. అందుకే ఈ ఉత్తరం మీకు. పదిమంది చదివేలా ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో విషయం బావులు తవ్వించే ఆపరేటర్ కంపెనీలూ రిగ్గులు నడిపే కాంట్రాక్టర్లూ కూడా వినాల్సింది, రిగ్గెక్కే కుర్రాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళకు తెలియాల్సింది.

నేను ముఖ్యంగా అడిగేది ఒకటి. రిగ్గు మీద ఉక్కు గోపురంలా నిలబడే మాస్ట్‌నూ, మాస్ట్‌కు వేలాడే సామగ్రినీ మనిషి ఎక్కి, చేత్తో తాకి చూడడానికి పట్టే సమయాన్ని పని సమయంగానే లెక్కగట్టించండి. ఆ గంటలకు కాంట్రాక్టరు అద్దె తెగకూడదు, షిఫ్టు ఇన్‌చార్జికి మాట పడకూడదు. దీని మీద మీ కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ రావాలి. అదెందుకు అవసరమో ఇక చెబుతాను.

1995 జనవరి 8న పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. కోనసీమలో నలభై దాటిన వాళ్ళెవరిని కదిపినా ఆ రాత్రుల వెలుగు గురించి చెబుతారు. అప్పటినుంచి మా వైపు జనానికి బావి ఇలా అదుపు తప్పే బ్లోఅవుట్ అంటే ఏమిటో తెలుసు, దానికి భయపడడమూ తెలుసు. ఆ భయం వల్ల మంచే జరిగింది. బావి నోటిని మూసే బీఓపీల పరీక్షలు, కిక్ డ్రిల్లులు, మడ్ బరువు మీద నిఘా, ఇవన్నీ రిగ్గుల మీద గట్టిగానే నడుస్తాయి. ప్రెషర్ టెస్టు చార్టు లేకుండా బీఓపీ పరీక్ష అయిందని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు.

తలమీద ఉన్న ఇనుముకు ఆ భాగ్యం దక్కలేదు. నూట ముప్పై అడుగుల పైనుంచి ఒక బోల్టు జారి ఖాళీ ఫ్లోర్ మీద పడితే, పక్కనున్నవాడు దాన్ని తీసి డబ్బాలో వేస్తాడు. అక్కడితో అయిపోతుంది. అదే బోల్టు రెండడుగులు పక్కకు పడి, అక్కడ పైపును పట్టి ఉంచే స్లిప్పులు పట్టుకుని రిగ్‌మ్యాన్ నిలబడి ఉంటే అప్పుడు మీకు టెలిగ్రామంత వేగంగా కబురు వస్తుంది. రెండు సందర్భాల్లోనూ పైన జరిగిన తప్పు ఒకటే.

లెక్క చూడండి. అరకిలో బోల్టు 40 మీటర్ల ఎత్తునుంచి జారితే మూడు సెకన్లలోపే కిందికొస్తుంది. నేల తాకేటప్పటికి దాని వేగం గంటకు సుమారు 100 కిలోమీటర్లు, శక్తి 196 జౌళ్ళు. పరిశ్రమల్లో వాడే హెల్మెట్లకు యూరప్‌లో ఈఎన్ 397 అనే ప్రమాణం ఉంది. అందులో హెల్మెట్ మీద 5 కిలోల దిమ్మెను ఒక మీటరు ఎత్తునుంచి వదిలి చూస్తారు. అంటే 49 జౌళ్ళు. ఆ అరకిలో బోల్టు హెల్మెట్ పరీక్షకు నాలుగింతలు. పైనుంచి టాప్‌మ్యాన్ చూసి కేక వేసినా, డీజిల్ ఇంజన్ల మోతలో అది చెవిన పడి, తల ఎత్తి, ఎటు జరగాలో తేల్చుకునేలోగా ఆ మూడు సెకన్లూ అయిపోతాయి. కాబట్టి కింద ఉన్నవాణ్ణి హెల్మెట్ కాపాడుతుందనో, జాగ్రత్త కాపాడుతుందనో అనుకోవడానికి వీల్లేదు. వస్తువు పైనుంచి ఊడకుండా ఉండడమే అతనికి రక్ష.

పైన ఏముంటాయో రిగ్గు చూడని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. మాస్ట్ కొసన క్రౌన్ బ్లాక్ ఉంటుంది, అంటే పెద్ద పెద్ద పుల్లీల వరస. వాటి మీదుగా ఉక్కు తాడు వస్తుంది. మేము కేసింగ్ లైన్ అంటాం. ఆ తాడుకు ట్రావెలింగ్ బ్లాకు, దాని కింద టాప్ డ్రైవ్, దానికి ఎలివేటర్లు వేలాడతాయి. మధ్యలో, సుమారు తొమ్మిది అంతస్తుల ఎత్తున, టాప్‌మ్యాన్ నిలబడే మంకీ బోర్డు ఉంటుంది. పైపులు దువ్వెనలా వరసగా నిలబెట్టే ఫింగర్ బోర్డు దాని ముందే. ఇవి పెద్దవి, అందరి కళ్ళూ వీటి మీదే. వీటికి తోడు ఫ్లడ్ లైట్లు, కెమెరాలు, మైకులు, టాంగు కౌంటర్‌వెయిట్ల పుల్లీలు, వించి పుల్లీలు, రోటరీ హోస్ క్లాంపులు, నిచ్చెన కేజీలు, టాప్‌మ్యాన్ తప్పించుకునే లైను, ఎప్పుడో ఎవరో కట్టి మరిచిపోయిన పాత ట్యూబులైటు స్టాండు. మనుషుల మీద పడేవి ఎక్కువగా ఈ రెండో రకానివే. ఎందుకంటే వీటికి సొంతదారు ఉండడు. లైటు ఎలక్ట్రీషియన్‌ది, దాని బ్రాకెట్టు వెల్డరుది, బ్రాకెట్టు తగిలించిన గర్డరు మెకానిక్‌ది. ముగ్గురిలో ఎవరు చూడాలన్నది చెక్‌లిస్టులో తేలదు.

నేను కళ్ళారా చూసింది ఒకటి చెబుతాను. రిగ్గు పేరు, కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. ఫింగర్ బోర్డులో ఒక్కో ఫింగర్‌నూ హింజ్ పిన్ను పట్టి ఉంచుతుంది. ఆ పిన్ను పైకి జారకుండా దాని కొసన స్ప్లిట్ పిన్ ఉండాలి. పైపులన్నీ బావిలోంచి తీసి మళ్ళీ దించే ట్రిప్పు చేసిన ప్రతిసారీ, సుమారు 28 మీటర్ల పొడవు, 800 కిలోల బరువున్న పైపు స్టాండు వచ్చి ఫింగర్‌కు తగులుతూనే ఉంటుంది కాబట్టి ఆ పిన్ను ఎప్పుడూ వదులవుతూనే ఉంటుంది. ఆ రిగ్గులో ఒక ఫింగర్‌కు స్ప్లిట్ పిన్ బదులు వెల్డింగ్ రాడ్డు ముక్కను వంచి దూర్చారు. కిందనుంచి బైనాక్యులర్ పెట్టి చూస్తే పిన్ను ఉన్నట్టే కనబడుతుంది. దగ్గరికెళ్ళి వేలితో కదిపితే ఊడి చేతిలోకి వచ్చేసింది. రాడ్డు మీది ఫ్లక్స్ పొడి నా గ్లవ్‌కు అంటుకుంది. ఆ రాడ్డు విరిగిననాడు పిన్నుతో పాటు ఫింగరూ వచ్చి డ్రిల్లర్ మీద పడుతుంది.

కిందికి దిగి చెక్‌లిస్టు తీశాను. ఫింగర్ బోర్డు గడిలో టిక్కు ఉంది. టిక్కు పెట్టిన కుర్రాడు పని దొంగ కాదు, మంచి పనివాడు. అడిగితే, బావిలో కేసింగ్ గొట్టాలు దించే తొందరలో తనకు ఇరవై నిమిషాలే ఇచ్చారన్నాడు. నడుముకు బెల్టు బిగించి, ఫాల్ అరెస్టర్ తగిలించుకుని, క్రౌన్ దాకా ఎక్కి, మళ్ళీ దిగడానికే ఆ ఇరవై నిమిషాలూ చాలవు. ఆ కాగితం మీద ఉన్నవన్నీ చూడాలంటే మనిషికి కనీసం సగం పూట కావాలి. అంత సమయం ఇచ్చే వీలు ఆ రోజు అతని పైవాడికి లేదు. ఆ పైవాడికి పైనున్న వాడికీ లేదు.

డైరెక్టర్ జనరల్ గారూ, అసలు కీలకం ఇక్కడుంది. రిగ్గు నడిచేది ఆపరేటర్ కాంట్రాక్టరుకు కట్టే రోజువారీ అద్దె మీద. బావి తవ్వుతున్నంతసేపూ పూర్తి రేటు. ఆపరేటర్ వల్ల ఆగితే కొంచెం తక్కువ రేటు. రిగ్గు సామాను చెడి ఆగితే నెలకు ఇన్ని గంటలని సడలింపు, అవి దాటితే సున్నా. మాస్ట్ ఎక్కి చూసే గంట ఏ పద్దులో పడుతుంది? నేను చూసిన ఒప్పందాల్లో అది రిపేరు పద్దులోనే పడేది. ఆపరేటర్ సొంత రిగ్గుల మీద కూడా తేడా పెద్దగా లేదు. అక్కడ అద్దె లేకపోయినా డైలీ రిపోర్టులో ఎన్‌పీటీ అని ఒక గడి ఉంటుంది. పనికిరాకుండా పోయిన కాలం అన్నమాట. నెలాఖరు మీటింగులో ఆ గడిలో అంకె పెరిగిందంటే ఇన్‌స్టలేషన్ మేనేజర్ నిలబడి జవాబు చెప్పుకోవాలి. ప్రాణాలు కాపాడే గంటను పనికిరాని గంటల లెక్కలో రాయించుకుంటున్నంతకాలం, ఎంత మంచి చెక్‌లిస్టు ఇచ్చినా దాన్ని కిందనే కూర్చుని నింపుతారు.

కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుడు చెట్టెక్కే ముందు తన తాడును ఒకసారి గుంజి చూసుకుంటాడు. తాడూ అతనిదే, ప్రాణమూ అతనిదే, ఆ రెండు నిమిషాల సమయమూ అతనిదే కాబట్టి ఎవరూ చెప్పక్కర్లేదు. రిగ్గు మీద ఆ మూడూ ముగ్గురి చేతుల్లో ఉన్నాయి. సామాను కాంట్రాక్టరుది, సమయం ఆపరేటర్‌ది, ప్రాణం రిగ్‌మ్యాన్‌ది. ఆ ముగ్గుర్నీ ఒక దారికి తేగల చెయ్యి నియమానిదే.

మాస్ట్ మోసే బరువు గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే డ్రిల్లర్ ముందున్న గేజీ పూర్తి లెక్క చూపించదు. మూడు వేల మీటర్ల లోతు బావిలో 5 అంగుళాల డ్రిల్ పైపు బరువే, గాలిలో తూస్తే, 87 టన్నుల దాకా ఉంటుంది. పైపు బిగుసుకుపోయినప్పుడు దానికి రెట్టింపు కూడా లాగాల్సి వస్తుంది. బ్లాకుకు పది లైన్లు వేసి 200 టన్నులు లాగుతున్నారనుకుందాం. గేజీ 200 అంటుంది. కానీ తాడును చుట్టే డ్రావర్క్స్ వైపు దిగే ఫాస్ట్ లైనూ, అవతలివైపు కట్టిన డెడ్ లైనూ కూడా క్రౌన్‌ను కిందికే గుంజుతాయి. ఒక్కో లైను మీద 20 టన్నులు. మొత్తం 12 లైన్లు. క్రౌన్ మోసేది 240. రాపిడి లెక్కలోకి తీసుకుంటే ఇంకొంచెం ఎక్కువే. పైగా బిగుసుకున్న పైపును విడిపించడానికి జార్ కొట్టిన ప్రతి దెబ్బకూ ఆ భారం అదురుతూ వస్తుంది. ఇలా ఒక రాత్రంతా పైపు కోసం పెనుగులాడిన మాస్ట్‌ను తెల్లారి ఎవరైనా ఎక్కి చూశారా? పిన్ను రంధ్రాలు గుండ్రంగానే ఉన్నాయా, కోలగా సాగాయా? వెల్డు అంచున పెయింటు చిట్లి, అక్కణ్ణుంచి ఎర్రని తుప్పు చార దిగిందా? ఆ చార సన్నగా, వెంట్రుకలాగా ఉంటుంది. కింద పగులు ఉందని చెప్పే మొదటి గుర్తు అదే. పది అడుగుల దూరం నుంచి కూడా కనబడదు.

ప్రమాణాలు లేకపోలేదు. మాస్టులూ డెరిక్కుల తనిఖీకి అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ వారి ఆర్‌పీ 4జీ ఉంది, మన దేశంలోనూ టెండర్లలో దాన్నే అడుగుతారు. అందులో తనిఖీలు నాలుగు తరగతులు. రోజూ పనిలో ఉండగా కళ్ళతో చూసేది మొదటిది. అనుభవమున్న రిగ్గు మనిషి జాగ్రత్తగా చూసి రాసేది రెండోది. బరువు మోసే ప్రతి భాగాన్నీ క్షుణ్ణంగా చూసి నమోదు చేసే మూడోది 730 పని దినాలకు ఒకసారి. విప్పి, పెయింటు గీకి, అయస్కాంత పొడి చల్లి పగుళ్ళు పట్టే నాలుగోది 3,650 పని దినాలకు ఒకసారి. బ్లాకు, హుక్కు, ఎలివేటర్ లాంటి లాగే సామగ్రికి ఆర్‌పీ 8బీ అని వేరే ఉంది, అందులో గడువులు ఇంకా దగ్గర దగ్గరగా ఉంటాయి. తాడుకు 9బీ ఉంది. ఎన్ని టన్నులు ఎంత దూరం లాగిందో టన్-మైళ్ళలో లెక్కగట్టి, గడువు రాగానే తాడును జరిపి కోయాలి.

ఈ గడువుల్లో మా తీరానికి సరిపడనిది ఒకటుంది. లెక్క పని దినాల్లో ఉంది. బావి దొరక్క, కాంట్రాక్టు కుదరక రిగ్గు ఎనిమిది నెలలు యార్డులో పడి ఉంటే ఆ 730 రోజుల గడియారం ఆగిపోతుంది. కానీ అంతర్వేది నుంచీ యానాం నుంచీ వీచే ఉప్పుగాలి ఆగదు. రెండు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి అతుక్కున్న చోట, బోల్టు తల కింద, నిచ్చెన క్లిప్పుల సందుల్లో తుప్పు లోపలినుంచి తింటుంది. పొడి గాలుల్లో తిరిగే రిగ్గుకూ, కొబ్బరి తోటల మధ్య సముద్రానికి రెండు కిలోమీటర్లలో నిలబడిన రిగ్గుకూ ఒకే గడువు పెట్టడం నాకు సబబుగా తోచదు. తీరప్రాంత రిగ్గులకు పని దినాల లెక్కతో పాటు క్యాలెండరు లెక్క కూడా ఉండాలి, రెండింటిలో ఏది ముందొస్తే అది. ఇది కూడా మీ సర్క్యులర్‌లో చేర్చమని కోరుతున్నాను.

యార్డు నుంచి కదిలే ముందు చాలామంది చేసే పని పెయింటు వేయించడం. కొత్త రిగ్గులా మెరిసిపోతుంది, చూడవచ్చినవాళ్ళు సంతోషిస్తారు. పెయింటు అవసరమే, ఉప్పుగాలి నుంచి అదే కాపుదల. అయితే తనిఖీ తర్వాత వేయాలి. ఎందుకో ఒక పాత ప్రమాదం చెబుతుంది. 1980 మార్చి 27న ఉత్తర సముద్రంలో నార్వే వైపు అలెగ్జాండర్ కీలాండ్ అనే రిగ్గు తిరగబడింది. దాన్ని డ్రిల్లింగ్ రిగ్గుగానే కట్టారు, అప్పటికి మాత్రం పనివాళ్ళ వసతికి వాడుతున్నారు. 212 మంది ఉన్నారు, 123 మంది చనిపోయారు. ఐదు కాళ్ళలో ఒకటి ఊడిపోయింది. ఆ కాలిని పట్టి ఉంచే గొట్టాల్లో ఒకదానికి హైడ్రోఫోన్ అనే చిన్న పరికరం బిగించడానికి ఒక స్టాండు వెల్డు చేశారు. 6 మిల్లీమీటర్ల ఫిల్లెట్ వెల్డు. అది బరువు మోసేది కాదు కాబట్టి ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. పగులు ఆ వెల్డులో పుట్టి, అలల తాకిడికి సాగి సాగి గొట్టమంతా చుట్టేసింది. విరిగిన ముక్కల్ని పరీక్షించిన దర్యాప్తువారికి పగులు లోపల పెయింటు ఆనవాళ్ళు దొరికాయి. అంటే 1976లో రిగ్గు యార్డు దాటకముందే పగులు ఉంది, దాని మీదే పెయింటు వేశారు.

ఈ సంగతి విన్నప్పటినుంచీ నాకు మాస్ట్ కాళ్ళకు వెల్డు చేసిన లైటు బ్రాకెట్లు, కెమెరా స్టాండ్లు చూస్తే గుండె ఝల్లుమంటుంది. తయారీదారును అడగకుండా బరువు మోసే భాగాల మీద వెల్డింగ్ చేయకూడదన్నది ప్రతి మాన్యువల్‌లోనూ ఉన్న మాటే. అయినా రాత్రి డ్యూటీలో లైటు సరిపోలేదంటే పొద్దున్నకల్లా వెల్డరు బ్రాకెట్టు తగిలించేస్తాడు. క్లాంపు వేసి, దానికో సేఫ్టీ స్లింగు కట్టడానికి అరగంట ఎక్కువ పడుతుంది. మళ్ళీ ఆ అరగంట దగ్గరే చిక్కు.

తనిఖీకి అన్నిటికంటే అనువైన సమయం ఒకటుంది, దాన్ని మేం ఏటా చేజార్చుకుంటున్నాం. రిగ్గు ఒక బావి నుంచి మరో బావికి మారేటప్పుడు మాస్ట్ నేల మీద పడుకుని ఉంటుంది. క్రౌన్ పుల్లీ మన నడుము ఎత్తున ఉంటుంది. గాడిలో గేజీ పెట్టి అరుగుదల కొలవొచ్చు, చేత్తో పుల్లీని ఊపి బేరింగు వదులు తెలుసుకోవచ్చు, ప్రతి పిన్నూ తుడిచి చూడొచ్చు, తాడు మీద గుడ్డ పెట్టి లాగితే తెగిన తీగలు గుడ్డకు తగులుకుంటాయి. ఎక్కడం లేదు, పడే భయం లేదు. కానీ రిగ్గు మారే రోజులే కాంట్రాక్టరుకు అత్యంత ఖరీదైన రోజులు. ఇన్ని రోజుల్లో మార్చాలని గడువు, దాటితే కోత. ట్రెయిలర్ల అద్దె ఒకవైపు, ఊరి రోడ్ల మీద వెళ్ళడానికి అనుమతులు ఒకవైపు. మాస్ట్‌ను నేల మీద చూడాల్సిన ఆ ఒక్క పగలును అందరూ కలిసి మింగేస్తారు. వెంటనే బుల్ లైన్లు బిగించి మాస్ట్ లేపుతారు. లేపుతున్న ఆ పది పదిహేను నిమిషాలే మాస్ట్ పిన్నులకు గట్టి పరీక్ష.

ఇంకో సంగతి. తనిఖీ చేసేవాడికి కూడా ప్రాణం ఉంది. కింద రోటరీ తిరుగుతూనే ఉంటుంది, బ్లాకు పైకీ కిందికీ నడుస్తూనే ఉంటుంది, మధ్యలో ఎక్కి చూసి రమ్మంటారు. ఇది తగదు. డ్రావర్క్స్ లాక్ చేసి, ఫ్లోర్ ఖాళీ చేయించి, పగటి వెలుగులో, గాలి తక్కువగా ఉన్నప్పుడు, చేతిలోని ప్రతి పనిముట్టుకూ తాడు కట్టుకుని ఇద్దరు మనుషులు ఎక్కాలి. అప్పుడే వాళ్ళ కన్ను ఇనుము మీద ఉంటుంది, లేకపోతే బ్లాకు మీద ఉంటుంది. నా అనుభవాన్ని బట్టి ఇందుకు వారానికి రెండు గంటలు, మాస్ట్ లేపే ముందు ఒక పూర్తి పగలు, పైపు బిగుసుకుని గట్టిగా లాగిన తర్వాతా, తుపాను గాలి తర్వాతా అదనంగా ఒక పూట కావాలి. మీ ఇంజనీర్లు ఈ అంకెలు సరిచేస్తే అభ్యంతరం లేదు. ఎంత తేల్చినా, అది పూర్తి రేటు సమయమని ఒప్పందంలో రాసి ఉండాలన్నదే నా పట్టు.

ఒప్పందాలు మా పరిధిలోవి కావని మీ కార్యాలయం అనవచ్చు. రేటు ఎంతన్నది మీ పరిధి కాదు, ఒప్పుకుంటాను. కానీ కాంట్రాక్టరు ఎవరైనా గనిలో భద్రతకు యజమానే బాధ్యుడని మన చట్టం మొదటినుంచీ చెబుతోంది. భద్రతా విధిని నిర్వర్తించినందుకు డబ్బు కోసే షరతును యజమాని రాస్తే, అది ఆ విధికి అడ్డం పడడమే. అలాంటి షరతు పెట్టరాదని మీరు ఒక సర్క్యులర్‌లో చెప్పగలరు. తనిఖీకి వచ్చినప్పుడు మీ అధికారులు గ్యాస్ డిటెక్టర్ల రికార్డుతో పాటు, మాస్ట్ తనిఖీ గంటలు ఏ పద్దులో పడ్డాయో కూడా అడిగితే చాలు, సగం మార్పు తనంతట తనే వస్తుంది.

కొందరు డ్రోన్ ఉందిగా అంటారు. డ్రోన్ మంచిదే. క్రౌన్ చుట్టూ తిరిగి ఫొటోలు తీస్తుంది, పెద్ద వంపులు, ఊడిన స్లింగులు పట్టిస్తుంది, మనిషి ఎక్కే పనిని తగ్గిస్తుంది. కానీ నేను చెప్పిన వెల్డింగ్ రాడ్డు ముక్క ఫొటోలో పిన్నులాగే ఉంటుంది. వదులు అనేది కంటికి కాదు, వేలికి తెలుస్తుంది. థర్డ్ పార్టీ సర్టిఫికెట్ సంగతీ అంతే. టెండరు కోసం ఏడాది కింద ఇచ్చిన సర్టిఫికెట్ ఆనాటి మాస్ట్ గురించి చెబుతుంది. నిన్నరాత్రి జార్ కొట్టిన మాస్ట్ గురించి చెప్పగలిగేవాడు రిగ్గు మీదే ఉన్నాడు, అతన్ని ఎక్కనివ్వాలి.

పడినా ఎవరికీ తగలని వస్తువుల గురించి కూడా అడుగుతాను. ఉత్తర సముద్రం రిగ్గుల మీద 1999లో డ్రాప్స్ అనే ఉమ్మడి ప్రయత్నం మొదలైంది. పైనుంచి వస్తువులు పడకుండా చూడడానికి కంపెనీలన్నీ కలిసి చేసుకున్న ఏర్పాటు. వస్తువు బరువు, పడిన ఎత్తు, ఈ రెండూ తెలిస్తే తగిలి ఉంటే ఏమై ఉండేదో చెప్పే చార్టు ఒకటి వాళ్ళు తయారుచేశారు. దాంతో ఖాళీ ఫ్లోర్ మీద పడిన షాకిల్ కూడా ప్రాణం తీసేంతటిదేనని కాగితం మీద తేలుతుంది, దానికి తగ్గ దర్యాప్తు జరుగుతుంది. మన ఒడ్డు రిగ్గుల మీద కూడా అలాంటి ప్రతి సంఘటన మీకు చేరాలి, చేరినవి పేర్లు తీసేసి మిగతా రిగ్గులన్నిటికీ తిరిగి రావాలి. నర్సాపురం దగ్గర ఒక రకం లైటు బ్రాకెట్టు విరిగితే, అదే రకం బ్రాకెట్టున్న అస్సాం రిగ్గుకూ గుజరాత్ రిగ్గుకూ ఆ వారంలోనే తెలియాలి. సముద్రం లోపలి రిగ్గుల భద్రత చూసేది చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్, ఓఐఎస్‌డీ, అని తెలుసు, వాళ్ళతోనూ ఈ సమాచారం పంచుకోవాలి. మా కుర్రాళ్ళు ఒక ఏడు ఒడ్డున, ఒక ఏడు సముద్రంలో పనిచేస్తుంటారు.

చివరిగా, తనిఖీలో బయటపడిన లోపాలు, అవి సరిచేసిన తేదీ, సరిచేసినవారి సంతకం ఫ్లోర్ పక్కనుండే డ్రిల్లర్ గది, డాగ్ హౌస్, గోడ మీద తగిలించాలి, తెలుగులో. రిగ్గు మీద రౌస్టబౌట్లుగా, క్రేన్ కింద ఖలాసీలుగా ఉండేవాళ్ళు చాలామంది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. తాము నిలబడే చోటికి సరిగ్గా పైన ఫలానా పుల్లీ షాకిల్ మార్చాల్సి ఉందని వాళ్ళకు తెలిస్తే, మార్చేదాకా అక్కడ నిలబడరు. ఆ హక్కు వాళ్ళకుంది.

నాతో పనిచేసిన టాప్‌మ్యాన్లు కొందరు రాజమండ్రిలో, నర్సాపురంలో, భీమవరంలో ఉన్నారు. ఒకరిద్దరికి మోకాళ్ళు పనిచేయడం లేదు కానీ ఏ పిన్ను ఎక్కడ వదులవుతుందో కళ్ళు మూసుకుని చెప్పగలరు. మీరు సర్క్యులర్ ముసాయిదా తయారుచేయిస్తే మీ హైదరాబాద్ కార్యాలయానికి వచ్చి, వరసగా ఒక్కో భాగం మీద మా అభిప్రాయం రాసి ఇస్తాం. ప్రయాణ ఖర్చులు మావే.

ఇట్లు,
ఒక మాజీ టాప్‌మ్యాన్,
అమలాపురం.